చాంబర్ కింద రాలిన కారం

మొన్న మా గల్లీలో ఒకాయన ఇంటి ముందు లారీ ఆపి, చాంబర్ విప్పుదామని కిందికి దూరాడు. బండి ఒట్టి జాకీ మీద నిలబడి ఉంది. పక్కన ఫోన్ పెట్టుకుని, అందులో ఎవరో చెబుతుంటే ఆ ప్రకారం చేస్తున్నాడు. మోకాళ్లు అరిగిపోయి నేను షెడ్డు మానేశాను కానీ నోరు ఇంకా బాగానే పనిచేస్తుంది. "అన్నా, ముందు బయటికి రా. ఇంట్ల కొట్లాట పెట్టుకొని వచ్చినవా ఏంది?" అని అరిచాను. ఆయనకు కోపం వచ్చింది. వస్తే రానీ అనుకున్నాను. కోపం సాయంత్రానికి దిగిపోతుంది, ఛాతీ మీద పడ్డ లారీని దింపాలంటే ఊరంతా రావాలి.

అప్పటినుంచి నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కావడం లేదు, పడుకుంటే నిద్ర పట్టడం లేదు. జనగామలో రెంచీ పట్టింది మొదలు దాన్ని కింద పెట్టేవరకు నేను విప్పిన చాంబర్లకు లెక్క లేదు. ఏ బండికి ఏ పార్టు వేయాలో రాయను. అవి మీరు నాకంటే తొందరగా నేర్చుకుంటారు. పార్టులతో తేలని సంగతులు కొన్ని ఉన్నాయి, వాటి గురించే రాస్తాను.

ముందు నేల చూడు

చాంబర్ అంటే ఇంజిన్ అడుగున ఉండే రేకు తొట్టి. ఇంజిన్ అంతా తిరిగి వచ్చిన ఆయిల్ అందులోకి దిగుతుంది. పంపు ఒక జల్లెడ గుండా దాన్ని మళ్లీ పైకి లాగుతుంది. షెడ్డులో గొయ్యి ఉంటుంది కాబట్టి నిలబడి విప్పొచ్చు. ఇంటి దగ్గరైతే వెల్లకిలా పడుకుని విప్పాలి. పైనుంచి పడేదంతా ముఖం మీదే పడుతుంది.

అందుకే ముందు బండిని కాదు, నేలను చూడాలి. సమంగా ఉందా, గట్టిగా ఉందా, వాన పడి నాని ఉందా? చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టాలి. బండి ఎత్తితే దాని బరువు జాకీ మీద కాకుండా దిమ్మెల మీద ఉండాలి. ఆయిల్ పూర్తిగా దింపాలి. బోల్టులు ఒక వైపు నుంచి వరసగా విప్పుకుంటూ పోకూడదు, అటొకటి ఇటొకటి వదులు చేయాలి. మూలల్లో ఉన్నవాటిని చివరిదాకా రెండు చుట్ల మీద ఉంచాలి. అన్నీ విప్పినా చాంబర్ ఊడి రాదు, ఆయిల్ కారకుండా అంచు మధ్య వేసిన పాత ప్యాకింగ్ దాన్ని పట్టుకునే ఉంటుంది. అక్కడే అందరికీ తొందర పుడుతుంది. సందులో స్క్రూడ్రైవర్ దూర్చి పెకలిస్తారు. అంచు వంగుతుంది, ఇక ఎన్ని ప్యాకింగులు మార్చినా ఆయిల్ కారుతూనే ఉంటుంది. చెక్క సుత్తితో చుట్టూ మెల్లగా తట్టండి, దానంతట అదే వదులుతుంది.

మా ఉస్తాద్ దీనికి ఒకే మాట అనేవాడు. "జల్దీ నక్కో రే." తొందర వద్దురా అని. మాకు అలా చెప్పే మనిషి తనకు కోపం వస్తే మాత్రం రెంచీ విసిరేవాడు, అదీ చాలా తొందరగా.

ఉస్తాద్ మాట

ఉస్తాద్ గురించి నిజం రాయాలంటే మంచీ చెడూ రెండూ రాయాలి. ఇంజిన్ శబ్దం విని రోగం చెప్పేవాడు. పని నేర్పడంలో దాపరికం లేదు. కానీ నలుగురిలో నవ్వులపాలు చేసి మాట్లాడేవాడు. పని బాగా వచ్చినవాళ్లు కూడా ఆ మాటలు పడలేక షెడ్డు వదిలి వెళ్లిపోయారు. నేను ఉండిపోయింది ఓపికతో కాదు, వెళ్లడానికి ఇంకో చోటు లేక.

ఆయనకు ఒక కట్టుబాటు ఉండేది. బండి కింద చూసింది బండి కిందే వదిలి రావాలి. మెకానిక్‌కు చాలా కనిపిస్తాయి. డ్రైవర్ ఎక్కడ తిరిగాడో, ఏం మోశాడో, దేనికి గుద్దాడో ఛాసిస్ చూస్తే తెలిసిపోతుంది. ఒకసారి మహబూబాబాద్ నుంచి ఒక ఓనర్ వచ్చి, "డ్రైవర్ బండిని అడవి తొవ్వల తిప్పిండా లేదా, నీకు తెలుస్తది, చెప్పు" అని ఉస్తాద్‌ను పట్టుకున్నాడు. స్ప్రింగు పట్టాల మధ్య ఎర్రమట్టి, ఆకులు మాకందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "బండి సంగతి అడుగు, చెప్త. మనిషి సంగతి నాకు తెల్వది."

నాకు అది చాలా గొప్పగా అనిపించింది. భూపాలపల్లి బొగ్గు టిప్పర్ ఒకటి వచ్చేదాకా అలాగే అనిపించింది. దాని డ్రైవర్ తాగి నడుపుతున్నాడని క్లచ్ చెబుతోంది, సీటు కింద సీసాలు చెబుతున్నాయి. ఉస్తాద్ తన పద్ధతిలోనే నోరు మెదపలేదు. కొన్నాళ్లకు ఆ టిప్పర్ మలుపులో బోల్తాపడి డ్రైవర్ కాళ్లు విరిగాయి. ఆ వార్త విన్న రోజు ఉస్తాద్ టీ కూడా తాగలేదు. కట్టుబాటు మాత్రం మార్చుకోలేదు. ఆ మాట సగమే నిజమని నాకు అప్పటినుంచి అనుమానం. మిగతా సగం యాదగిరి లారీ కింద తెలిసింది.

చేతులు ఊరుకోని రోజులు

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ మీద బంద్. మా షెడ్డు మూసేశాం. ఎవరూ మూయించలేదు, మేమే మూశాం. సినిమాల్లో మా మాట మాట్లాడేవాడు ఎప్పుడూ రౌడీయో తాగుబోతో అయి ఉండేవాడు. ఆ మాటతోనే ఇప్పుడు మైకుల్లో గొంతెత్తుతుంటే నాకు ఒళ్లు పులకరించేది. మనసు అలా ఉన్నా చేతులు ఊరుకోవు కదా. పొద్దున లేచి షెడ్డు దాకా పోవడం, తాళం చూడటం, తిరిగి రావడం. ఇంట్లో కుట్టు మిషన్ విప్పాను. ఫ్యాన్ విప్పాను. గ్యాస్ పొయ్యి దగ్గరికి వెళ్లేసరికి మా ఆవిడ గరిట పట్టుకుని అడ్డం నిలబడింది.

అలాంటి పొద్దున జఫర్‌గఢ్ దగ్గరి ఊరి నుంచి యాదగిరి ఫోన్ చేశాడు. సొంత లారీ, తనే డ్రైవర్. ఆ ఊరి ఉద్యమానికి అతని లారీయే స్టేజీ. బంద్‌కు ముందు కడిగి, పక్క పలకలు, అదే డాలా, దించి, మీద తివాచీ పరిచి ఊరికి అప్పగించాడు. పాటలు, ఉపన్యాసాలు, మైకు అన్నీ దాని మీదే. మర్నాడు జఫర్‌గఢ్‌లో సభ, దానికి కూడా ఈ స్టేజీయే పోవాలి.

"అన్నా, ఆయిల్ లేస్తలేదు. మీటర్ ముల్లు సున్నా మీదకెళ్లి కదుల్తలేదు. జర రావాలె."

"ఎప్పటి సంది?"

"నువ్వు రా అన్నా," అన్నాడు.

సామాను గోనెసంచిలో వేసుకుని మోపెడ్ మీద బయలుదేరాను. దారిలో అడ్డం పెట్టిన చోటల్లా ఆపారు. స్టేజీ లారీ బాగుచేయడానికి అంటే చెట్టుకొమ్మ పక్కకు జరిపి, జై తెలంగాణ అనిపించుకుని వదిలారు.

నిలబడ్డ బండి

యాదగిరి ఇంటి ముందు అప్పటికే ఊళ్లో బంద్ నడిపే శిబిరం వాళ్లంతా ఉన్నారు. వాళ్లలో ముందున్నవాడు సురేశ్. జఫర్‌గఢ్‌లో ఫోటో స్టూడియో నడిపేవాడు. బంద్ మొదలైనప్పటినుంచి దాని షట్టర్ ఎత్తలేదు. గడ్డం పెరిగింది, కళ్లు లోపలికి పోయాయి, ఒక్కచోట నిలబడడు. మాట్లాడుతూనే ఇటునుంచి అటు నడుస్తాడు.

"మామా, బాగుచేసుడు తర్వాత. ముందు గిది చెప్పు. నిన్న మేమంత ర్యాలీకి జనగామ పోయినం. మధ్యాన్నం లారీ నడిచిన సప్పుడు ఇన్ననని గొర్లకాడి మనిషి అంటుండు. కదల్లేదని యాదగిరి కాక అంటుండు. నిలబడ్డ బండి ఎట్ల ఖరాబైతది?"

సంగతి నాకు అర్థమైంది. బంద్‌లో బండి నడిపితే ఏమవుతుందో అందరికీ తెలుసు. పక్క ఊళ్లో లోడు ఎత్తిన ట్రాక్టర్ ఓనర్ మెడలో చెప్పుల దండ వేసి తిప్పారు. ఇప్పుడు యాదగిరి మెడ ఆ దండకు ఎదురుగా ఉంది. ఊరికి స్టేజీ ఇచ్చిన మనిషే బంద్ తప్పాడంటే ఇక ఆ ఊళ్లో అతను తలెత్తుకు తిరగలేడు. యాదగిరి మాత్రం గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. అతని భార్య కళమ్మ గుమ్మంలో నిలబడి మొగుణ్ణి గుచ్చి గుచ్చి చూస్తోంది.

"విప్పి చూస్తె గద తెలిసేది," అన్నాను.

రాత్రి వాన పడింది. వాకిలి మెత్తగా ఉంది. నేల మీద పలకలు వేయించి, వాటి మీద దిమ్మెలు పెట్టించేసరికే సురేశ్ నాలుగుసార్లు "అయిందా?" అన్నాడు. ఆయిల్ పట్టడానికి గిన్నె అడిగితే, శిబిరం వాళ్లు వంట గంగాళం తెచ్చారు. కళమ్మ దాన్ని లాక్కుని, పశువుల కుడితి తొట్టి ముందుకు తోసింది. చల్లబడ్డ ఆయిల్ సాగుతూ సాగుతూ దిగింది. నేనూ యాదగిరీ కిందికి దూరాం.

మొదటి బోల్టు తిప్పగానే నా కళ్లు భగ్గుమన్నాయి. తుమ్ములు ఆగలేదు. ఆయిల్ జిగట ఉన్న చోటల్లా, గేర్‌బాక్సు మీద, అడ్డపట్టీ మీద, ఎర్రటి కారం అంటుకుని ఉంది. గింజలు, తొడిమలు. కడిగి తివాచీ పరిచిన లారీకి మిరపకాయ ఎక్కడిది? చెయ్యి చాంబర్ అడుగుకు పోనిచ్చాను. లోపలికి ఇంత లోతున సొట్ట. వేళ్లు నల్లగా వచ్చాయి. ఆయిల్ నలుపు వేరు, అది మెరుస్తుంది. ఇది పొడి నలుపు, పొయ్యి మసి.

అంతకు రెండు రోజుల ముందు ఆ ఊరివాళ్లు రోడ్డు మీద వంటావార్పు చేశారు. రోడ్డుకు అడ్డంగా రాళ్లతో పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతి కూర్చుని తిన్నారు. తిని లేచారు కానీ రాళ్లు తీయలేదు. ఉంటే బండ్లకు అడ్డంగా ఉంటాయిలే అనుకున్నారు.

యాదగిరి నా చెవిలో గొణిగాడు. "రాజవ్వ కాయ అన్నా. ఊరందరియి ఇండ్లకు చేరినయ్. ఆమెదొక్కటే రోడ్డవతల కల్లంల ఆరవోసి ఉండె. నిన్న మబ్బు వట్టింది. ఊర్ల మొగోడు లేడు, ఎడ్లబండి దొరకలే. నా కాళ్ల మీద పడ్డంత పని చేసింది."

"మరి చెప్పరాదు?"

"ఆమె సురేశ్ తల్లి."

నాకు తుమ్ము కూడా ఆగిపోయింది.

"బంద్ అయ్యేదాక మా కాయ సుత లారీ ఎక్కదు, ట్రాక్టర్ ఎక్కదని నా లారీ మీద నిలబడే మైకుల చెప్పిండు సురేశ్. కొడుకు మాట పోతది, ఎవలకు చెప్పకు అని నాతోని ఒట్టు వేయించుకున్నది. ఎడ్లబండి మీద తెచ్చిన అని కొడుక్కు చెప్పిందట."

లోడుతో వస్తూ యాదగిరి లారీని పొయ్యిరాయి మీదికి ఎక్కించాడు. లారీ అడుగు నుంచి ఒక దెబ్బ వినిపించింది. కాయ దించి ఇంటి ముందుకు తెచ్చేసరికి ఆయిల్ ముల్లు పడిపోయింది, వెంటనే ఇంజిన్ ఆపాడు. ఆ ఒక్క బుద్ధి అతని ఇంజిన్‌ను కాపాడింది. చాంబర్ దింపి చూస్తే సంగతంతా కనిపించింది. సొట్ట పైకి లేచి పంపు జల్లెడకు ఆనుకుంది. ఆయిల్ ఉంది, కానీ పైకి పోవడానికి దారి లేదు. మెటల్ బేరింగులు తిప్పి చూశాను, దెబ్బ తినలేదు. రేకులో చిల్లు కూడా లేదు.

చాంబర్ బయటికి తీస్తూనే మసి కనపడకుండా గోనెసంచితో దాని అడుగంతా రుద్దేశాను. సొట్ట దాగదు కదా. సురేశ్ వంగి దాని మీద చెయ్యి పెట్టాడు.

"రాయి దెబ్బనే గదా మామా? నిలబడ్డ బండికి రాయి నడిచొచ్చి తాకిందా?"

నా నోటి నుంచి ఉస్తాద్ మాటే వచ్చింది. "బండి సంగతి అడుగు, చెప్త. మనిషి సంగతి నాకు తెల్వది."

మహబూబాబాద్ ఓనర్ ముందు గొప్పగా పలికిన మాట ఇక్కడ ఉరితాడులా బిగుసుకుంది. నేను చెప్పనంటే, దాచడానికి ఏదో ఉందని అందరికీ అర్థమైపోయింది. "అంటే కదిలింది," అని ఎవరో అన్నారు. ఇంకెవరో చెప్పుల మాట ఎత్తారు. కళమ్మ "చెప్పవయ్యా, చెప్పు!" అని మొగుడి భుజం పట్టి ఊపేసింది. యాదగిరి తల అడ్డంగా ఊపాడు. నాకు ఉస్తాద్ మీద, సురేశ్ మీద, ఆ ముసలి తల్లి మీద, అందరి మీదా మండుకొచ్చింది. చెబితే ఒట్టు వేయించుకున్న ఆమె పరువు పోతుంది, చెప్పకపోతే ఒట్టు వేసినవాడి పరువు పోతుంది.

ఇద్దరు కావాలి

నాకు చేతనైంది పనే. "తీర్పు తర్వాత చేసుకోండ్రి. రేపు స్టేజీ కావాల్నా వద్దా?" అని గద్దించాను. చాంబర్‌ను ఇసుక బస్తా మీద బోర్లించి, లోపలి సొట్ట మీద చెక్క ఆనించి, సుత్తితో దించాను. దుకాణాలు మూసి ఉన్నాయి, కార్క్ ప్యాకింగ్ దొరకదు. శిబిరంలోని ప్లకార్డు అట్టలు తెమ్మన్నాను. అట్టను చాంబర్ అంచు మీద పరిచి, గుండు సుత్తితో అంచు వెంబడి తడుతూ పోతే అట్ట ఆ ఆకారంలో తెగిపోతుంది. నినాదం అక్షరాలు కొన్ని ప్యాకింగ్‌లోకి వచ్చాయి, కొన్ని ముక్కలై కింద పడ్డాయి. దానికి గ్రీజు పూసి సిద్ధం చేశాను.

చాంబర్ విప్పడం ఒక్కడి వల్ల అవుతుంది. ఎక్కించడం కాదు. ఒకరు రెండు చేతులా పైకెత్తి కదలకుండా పట్టుకుంటేనే, ఇంకొకరు ప్యాకింగ్ జారకుండా బోల్టులు వేయగలరు. ఎప్పుడూ యాదగిరే పట్టేవాడు. ఆ రోజు కూడా వంగబోయాడు.

"నువ్వుండు," అన్నాను. "సురేశూ, నువ్వు రా."

కావాలనే పిలిచావా అని తర్వాత చాలామంది అడిగారు. చాంబర్ ఎక్కించడానికి ఇద్దరు కావాలి. ఇప్పటికీ అంతే చెబుతాను.

సురేశ్ చొక్కా విప్పి కిందికి వచ్చాడు. ఇద్దరం భుజం భుజం ఆనించి వెల్లకిలా పడుకున్నాం. అతను చాంబర్ ఎత్తి పట్టాడు. నేను మొదటి బోల్టు బిగించగానే పైన అడ్డపట్టీ అదిరి కారం రాలింది. సురేశ్ తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు. చేతులు ఖాళీ లేవు, తుడుచుకోవడానికి లేదు. కళ్లు చిట్లించి పైకి చూస్తున్నాడు. అడ్డపట్టీ మూలలో రెండు కాయలు ఇరుక్కుని ఉన్నాయి, ముట్టుకుంటే చితికేలా, ఎర్రగా. పక్కన ఇంజిన్ తొడుగు మీద పొయ్యిరాయి మసి గీత. ఆ ఊళ్లో నిన్నటిదాకా బయట ఉన్న కాయ ఎవరిదో, ఎడ్లబండి మీద వచ్చిందని ఎవరు చెప్పారో అతనికంటే బాగా ఎవరికి తెలుసు?

మెల్లగా అడిగాడు. "మామా, గిది మా కాయనే గదా?"

"పట్టు," అన్నాను. "చెయ్యి వదలకు, ప్యాకింగ్ జరుగుతది."

వదల్లేదు. చివరి బోల్టు దాకా వదల్లేదు. కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతూనే ఉన్నాయి.

బయటికి వచ్చాక అందరూ చుట్టుముట్టారు. "ఏందిరా, కదిలిందా, కదల్లేదా?" సురేశ్ ముఖం కూడా తుడుచుకోలేదు. "కదిలింది. కదలాల్సి ఉండె, కదిలింది," అన్నాడు. "పొయ్యిరాళ్లు మనం తియ్యలే. తినుడు మన పని, తీసుడు ఎవని పని? తప్పు మనదే." ఒకడు ఏదో అనబోతే, "నేను చెప్తున్న గదా!" అని కసిరాడు. తర్వాత యాదగిరి వైపు తిరిగి, అతని ముఖం చూడకుండా, "స్టార్ట్ చెయ్ కాకా," అన్నాడు.

కొత్త ఆయిల్ పోశాం. యాదగిరి తాళం తిప్పాడు. ఇంజిన్ అందుకుంది. ముల్లు కాసేపు సున్నా మీదే పడుకుంది. తర్వాత చిన్నగా కదిలి, లేచి, ఎక్కడ నిలవాలో అక్కడ నిలిచింది. యాదగిరి స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు.

కాబట్టి ఉస్తాద్ మాటకు నేను కలిపేది ఇది. బండి కింద చూసింది బయట చెప్పకండి. కానీ తప్పు పట్టేవాడు బయట నిలబడి ఉంటే, వాణ్ణి కూడా కిందికి రమ్మనండి.

మేము చేతులు కడుక్కుంటుండగా రాజవ్వ వచ్చింది. ఒక చేతిలో చల్ల చెంబు, ఇంకో చేత్తో కొంగు సర్దుకుంటోంది. కొడుకు ఎర్రటి కళ్లు చూసి వాకిలి మొదట్లోనే ఆగింది.

"ఏమైందిరా బిడ్డా?"

"ఏం లేదే అవ్వా. కండ్లల్ల కారం పడ్డది," అన్నాడు సురేశ్. "మనదే."

ఆమె కొడుకును దాటుకుని వెళ్లి, చల్ల చెంబు ముందు యాదగిరి చేతికి ఇచ్చింది.